ముట్టడియు రాయబారమును

శ్రీమద్రామాయణ సుందరకాండమును పారాయణము చేయు భక్తులు లంకాదహన ఘట్టమును ఉత్సాహముతో చదువుదురు. దాని వెంటనే వచ్చు సర్గను మాత్రము వడివడిగా దాటిపోవుట కలదు. లంకను కాల్చి, తోకమంటను సముద్రజలమున చల్లార్చుకొన్న పిమ్మట హనుమంతునకు ఒక్కసారిగా గుండె జారినది. ఈ మంటలో సీతమ్మయు దగ్ధమైపోయినదేమో యను తలపు ఆయనకు అప్పుడు కలిగినది. ఏ తల్లిని విడిపించుటకై నూరు యోజనముల సముద్రమును లంఘించెనో ఆ తల్లి ఆ పట్టణములోనే యున్నది గదా! బుద్ధిమంతులలో శ్రేష్ఠుడని పేరొందిన ఆంజనేయుడు తన కోపమును తానే నిందించుకొనెను. కోపము పట్టినవాడు చేయరాని పని యనునది లేదని వాపోయెను. సీత క్షేమముగా నున్నదని చారణులు ఆకాశమున చెప్పుకొనుచుండగా విన్న తరువాత గాని ఆయన మనస్సు కుదుటపడలేదు.

అగ్ని సీతను తాకలేదు. ఆమె మహిమ అట్టిది. కాని శత్రువు పట్టణమును మంటతోనో ఆకలితోనో చుట్టుముట్టునప్పుడు లోపల చిక్కిన సామాన్య గృహస్థుకు, బాలింతకు, జ్వరపడిన పసివానికి అట్టి మహిమ ఉండదు. దుష్టుడైన ప్రభువును లొంగదీయుటకు అతని దేశమును దిగ్బంధము చేయవచ్చునా? చేసినచో ఉప్పునకు, మందునకు, అన్నమునకు దారి విడువవలెనా? విడువుమని అడుగబోవు రాయబారికి ఉండవలసిన ధర్మమేమి? ఈ ప్రశ్నలు ధర్మశాస్త్ర గ్రంథములలో మాత్రమే నిలిచినవి కావు. 1947, 1948 సంవత్సరములలో ఇవి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు ఇండ్ల వంటగదులలోనికి వచ్చినవి.

ఆనాటి హైదరాబాదు సంస్థానము 82,698 చదరపు మైళ్ళ విస్తీర్ణము గలది. 1941 జనాభా లెక్కల ప్రకారము అందు సుమారు 1 కోటి 63 లక్షల జనముండిరి. ఇంత రాజ్యమునకును సముద్రతీరము లేదు. 1802లో కుంపిణీ వారితో జరిగిన వర్తక సంధిలో నిజామునకు మచిలీపట్నపు రేవును వాడుకొను హక్కు కాగితముపై దక్కినది గాని, కాగితముపై నున్న రేవునుండి ఉప్పు రాదు. తీరాంధ్రపు కల్లములలో పండిన ఉప్పు బండ్లపైనను, రైళ్ళలోను, లారీలలోను సరిహద్దు దాటి రావలసినదే. బెజవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున జగ్గయ్యపేట దాటిన తరువాత వచ్చు మొదటి పెద్ద ఊరు కోదాడ, ఆ వెనుక సూర్యాపేట. దక్షిణమున మిర్యాలగూడ తాలూకాకు కృష్ణానదియే ఎల్ల. ఈ ఒడ్డున, మూసీ కృష్ణలో కలియు చోట, వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. దిగువన మట్టపల్లిలోను ఆ స్వామియే. ఆవలి ఒడ్డు మద్రాసు రాష్ట్రపు గుంటూరు జిల్లా. స్వామి ఒక్కడే, భాష ఒక్కటే, వియ్యములును అటునిటు కలిసినవే. నడుమ పారు నీరు మాత్రము రెండు ప్రభుత్వములకు ఎల్ల.

మునగాల పరగణా సంగతి మరియు విచిత్రము. కోదాడకును సూర్యాపేటకును నడుమనున్న ఆ పరగణా మద్రాసు రాష్ట్రములోని కృష్ణాజిల్లాకు చెందినది. చుట్టును నిజాము సీమ. సముద్రములో ద్వీపమువలె రాజ్యములో పరరాజ్యము. (ఈ మునగాల సంస్థానపు దివానే విజ్ఞానచంద్రికా మండలిని నడిపిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారిలో ఆయనయు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు గారును ఉండిరి. గ్రంథములకు ఆ రోజులలో సుంకపు నాకాలు అంతగా అడ్డుపడలేదు కాబోలు.) మునగాలకు పోవలసిన ఉప్పుబస్తా యూనియనువారి సరిహద్దును దాటి, నిజామువారి కరోడ్‌గిరి నాకాను దాటి, కోదాడ మీదుగా పోయి, మరల ఒక ఎల్లను దాటి గమ్యమును చేరవలెను. అట్టి చోట ‘శత్రుదేశము’, ‘మిత్రదేశము’ అని గీత గీయుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వమునకును నిజామునకును యథాతథ ఒడంబడిక కుదిరినది. ఏడాదిపాటు పాత సంబంధములే సాగవలెనని దాని తాత్పర్యము. యూనియను పక్షమున కన్హయ్యలాల్ మాణిక్‌లాల్ మున్షీ ఏజెంటు జనరలుగా హైదరాబాదునకు వచ్చెను. మీర్ లాయక్ అలీ సంస్థానమునకు ప్రధానిగా నుండెను. ఒడంబడికపై సిరా ఆరకమునుపే ఇరుపక్షముల ఫిర్యాదులు మొదలైనవి. నిజాము పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల ఋణమిచ్చుటకు పూనుకొనెననియు, కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు గ్రామములను దోచుచున్నారనియు యూనియను చెప్పినది. ఒడంబడికకు విరుద్ధముగా తమపై ఆర్థిక దిగ్బంధము విధింపబడినదనియు, ఉప్పు, ఔషధములు, త్రాగునీటిని శుద్ధిచేయు క్లోరిను సైతము ఆగిపోయినవనియు హైదరాబాదు ప్రభుత్వము చాటినది. ఆపినది ఆయుధములను, యుద్ధోపయోగమగు వస్తువులను మాత్రమేయని భారత ప్రభుత్వము బదులు చెప్పినది. సరిహద్దు రాష్ట్రముల నిర్బంధములు, నాకాలలోని చిన్న అధికారుల పట్టుదలలు, రజాకార్ల దౌర్జన్యమునకు కోపించిన జనుల అడ్డగింతలు దానికి తోడైనవి.

ఇందు ధర్మపక్షము ఎవరిది యనుటలో సందేహింప బనిలేదు. ప్రజలలో అధికసంఖ్యాకులు కోరని స్వాతంత్ర్యమును తన సింహాసనముకొరకు కోరిన ప్రభువుది ధర్మపక్షము కానేరదు. రజాకార్ల కృత్యములను సమర్థింప ఎవరి తరమును కాదు. ఐనను పెట్రోలు చుక్క రజాకారు లారీని నడుపును, వైద్యుని మోటారును నడుపును. క్లోరినును కర్మాగారమున పరపీడకై వాడవచ్చును, ఊరి నీటిలో కలిపి కలరాను ఆపవచ్చును. నాకావద్ద నిలిచిన జవానుకు ఈ భేదము తెలియుట ఎట్లు? తెలియనిచో అన్నింటిని ఆపుట అతనికి సుకరము. దేశములు దిగ్బంధించుటకు ఉత్తరువు చేయునప్పుడు సూక్ష్మభేదములు వ్రాతలో ఉండును. నాకావద్ద మాత్రము ఒక్క కర్రయే ఉండును, అది లేచుటో దిగుటో.

పైగా నల్లగొండ జిల్లా రైతు అప్పటికే రెండు రాళ్ళ నడుమ గింజవలె నున్నాడు. లెవీ పేర ధాన్యమును సర్కారు కొలిపించుకొనుచున్నది. 1946 నుండి సాయుధ పోరాటము సాగుచున్నది. పగలు పోలీసులు, రజాకార్లు, రాత్రి దళములు. పండించినది పోవుచుండగా, పండనిది రాదాయెను. ఉప్పు లేని సంకటి తిన్నవాడు నిజాము కాదు. ఫలక్‌నుమాలో విందులకు ఉప్పు తక్కువైనదని ఎవరును చెప్పలేదు. ఎవని విముక్తికై దిగ్బంధము జరిగినదో ఆ దిగ్బంధపు బాధ వానికే తగిలినది. హనుమంతుని పరితాపమునకు హేతువైన ధర్మసంకటము సరిగా ఇదియే.

ఇక శాస్త్రమేమి చెప్పుచున్నది? ఇచ్చట మెత్తని మాటలతో తప్పించుకొనరాదు. మనుస్మృతి ఏడవ అధ్యాయమున రాజధర్మము చెప్పుచు, శత్రువును ముట్టడించిన రాజు ఆతని రాష్ట్రమును పీడింపవచ్చుననియు, గడ్డిని, అన్నమును, నీటిని, వంటచెరకును చెడగొట్టవచ్చుననియు స్పష్టముగా విధించినది. చెరువుల కట్టలు తెంపుటయు అందే చెప్పబడినది. అహింసను పరమధర్మమని పలుకువారు ఈ శ్లోకమును చూడనట్లు నటించుట సత్యము కాదు. కాని అదే అధ్యాయము, అదే ప్రకరణము, ఆ వెనువెంటనే, సామ దాన భేదములతో శత్రువును గెలువ యత్నింపవలెనే గాని యుద్ధముతో ఎన్నడును కాదనియు, జయాపజయములు అనిశ్చితములనియు చెప్పుచున్నది. గెలిచిన పిదప ఆ దేశపు దేవతలను పూజించి, ప్రజలకు అభయము చాటవలెననియు చెప్పుచున్నది. రేపు అభయమీయవలసిన ప్రజకు నేడు విషజలము పోయుట ఎట్లు పొసగును? ఈ విధులను కలిపి చదివినప్పుడు పీడ యనునది శత్రుబలమునకు పరిమితమని అర్థము చేసికొనుటయే సమన్వయము. ఇది సాగదీసిన అర్థమనువారుందురు. వారికి కౌటిల్యుడు సమాధానము.

అర్థశాస్త్రమున దుర్గమును ముట్టడించు విధానమును చెప్పు అధికరణమున కౌటిల్యుడు మొట్టమొదట జనపదమును ఉన్నదున్నట్లు అభయమున నిలుపవలెనన్నాడు. జనము లేని జనపదము లేదు, జనపదము లేని రాజ్యము లేదు అనునది ఆయన హేతువు. దయగలవాడను పేరు ఆయనకు లేదు. ఐనను అభయము ముందు, వీవధ ప్రసారములను తెగగొట్టుట తరువాత. వీవధమనగా సేనకు చేరు ధాన్యాదుల సరఫరా. ప్రసారమనగా సేన గడ్డి, కట్టెల కొరకు వెలికి పోవుట. రెండును సేనకు సంబంధించిన మాటలే. ఊరిలోని అవ్వ పొయ్యిలోని కట్టె వీవధము కాదు.

శాంతిపర్వమున భీష్ముడు ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. గాయపడిన శత్రువునకు తన దేశముననే చికిత్స చేయింపవలెను, లేనిచో వాని ఇంటికి చేర్పింపవలెను, గాయము మానిన పిదప విడిచిపెట్టవలెను అని ఆ పితామహుని మాట. శరశయ్యపై పండుకొని యీ మాట చెప్పినవాడు గాయమన నేమో ఎరుగనివాడు కాడు. ఆయుధము పట్టి తన మీదికి వచ్చిన వానికే మందు ధర్మమైనప్పుడు, ఆయుధము పట్టని వాని మందును సరిహద్దులో ఆపుటకు ఏ శాస్త్రమునందు ఆధారము దొరకును? లక్ష్మణమూర్ఛ ఘట్టమున తులసీదాసు రామచరితమానసము సుషేణుని లంకలోని వైద్యునిగా చెప్పినది. వాల్మీకమున ఆయన వానరుడు, తారకు తండ్రి. అది వేరు సంప్రదాయము. ఐనను శత్రునగరపు వైద్యుడు తన ప్రభువునకు వైరియైన వాని నాడి పట్టుట జనుల మనస్సునకు సహజముగా తోచినదనుటకు తులసీదాసుని కథయే సాక్ష్యము.

రాయబారమునకు వత్తము. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణ భగవానుడు హస్తినకు పోయినప్పుడు ఐదూళ్ళు చాలునన్న ధర్మరాజు మాట జగత్ప్రసిద్ధము. అంతగా ప్రసిద్ధము కానిది భోజనపు మాట. దుర్యోధనుడు విందునకు పిలిచెను, కృష్ణుడు వలదనెను. ఏల యని అడుగగా, పరుల అన్నమును ప్రీతిచేత నైనను తినవలెను, ఆపదలో నైనను తినవలెను; నీకు మాయందు ప్రీతి లేదు, మాకు ఆపద లేదు అని బదులు చెప్పెను. పిమ్మట విదురుని ఇంట భుజించెను. పౌరాణికులు ఇచ్చట విదురుని భక్తిని విస్తరించి చెప్పుదురు, అది యుక్తమే. ఐనను భగవానుని వాక్యమున రెండవ భాగము కూడ తూకము గలదే. ఆపద యున్నచో ప్రీతి లేనివాని చేతి అన్నమైనను స్వీకార్యమని దాని అర్థము. అనగా ఆపన్నుని అన్నమునకు స్నేహము, వైరము అను లెక్క లేదు. ఇచ్చువాడు మిత్రుడు కానక్కరలేదు, పుచ్చుకొన్నవాడు లొంగినట్లు కాదు. రాజ్యభాగమును గూర్చిన బేరము ఒకటి, ఆపదలోని అన్నము మరియొకటి. కృష్ణుడు ఆ రెండింటిని కలుపలేదు.

1948లో సంధి మాటలాడినవారు ఆ రెండింటిని కలిపివేసిరి. సర్ వాల్టర్ మాంక్టన్ నిజామునకు న్యాయసలహాదారుగా ఢిల్లీకిని హైదరాబాదునకును పలుమారులు తిరిగినాడు. లార్డ్ మౌంట్‌బాటెన్ దేశమును విడుచుటకు ముందు ఒక ఒడంబడికను చూడగోరినాడు. సైన్యమెంత, శాసనాధికారమెంత, రాజ్యాంగసభ ఎప్పుడు అని చిత్తుప్రతులు మారినవి. జూన్ 17న ఆ మాటలు పూర్తిగా తెగిపోయినవి. 21న మౌంట్‌బాటెన్ వెడలిపోయినాడు. ఇన్ని నెలల రాయబారములో దిగ్బంధము బేరమునకు బిగింపుమరగా ఇరువైపుల వాడబడినది. సంతకము చేసినచో సడలును, చేయనిచో బిగియును. హైదరాబాదు మంత్రులకును ప్రజల ఇక్కట్టు ఒక వాదమైనది. బయటి దేశములకు చూపుటకు పనికివచ్చునది. ఉప్పును, మందును ముందుగా వేరుచేసి, వీని విషయము మొదట తేల్చుదము, తక్కినవి ఎన్ని నెలలైనను వాదింతము అని నిలిచిన రాయబారి ఇరుపక్షములలోను కానరాడు. ఆగస్టు 31న గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారి నిజామునకు జాబు వ్రాసి రజాకార్లను నిషేధింపుమని కోరినాడు. శ్రీరామ కథను, భారతమును ఇంటింటికి అందించిన వైష్ణవుడాయన. ఆయన స్వరమున పెద్దవాని హితవు కలదు. సెప్టెంబరు 5న వచ్చిన ప్రత్యుత్తరము ఆ కోరికను మన్నింపలేదు.

రాయబారికి ముఖ్యధనము విశ్వాసము. అది నశించినచో అన్నపు దారియు మూతపడును. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు ఆ వేసవిలో కరాచీనుండి లాంకాస్ట్రియన్ విమానములలో రాత్రివేళల ఎగిరి వచ్చి హైదరాబాదు సంస్థానపు విమానాశ్రయములలో దిగినాడు. దిగ్బంధమును దాటి వచ్చిన ఆ విమానముల కడుపులలో నున్నవి తుపాకులు, మందుగుండు. సూర్యాపేట చిన్నవానికి క్వినైను కావలసియుండగా పైనుండి దిగినది తూటాల పెట్టె. ఆ విమానములు ఒక్కొక్కటి వచ్చుకొలది, ఔషధములకు దారి విడువుడని ఆ ప్రభుత్వము చేయు విన్నపమును నమ్మువారు తగ్గిపోయిరి. ముట్టడి చేయువాడు మందును ఆపుట ఒక పాపము. ముట్టడిలో నున్న ప్రభువు ప్రజల ఆకలిని ముందు నిలిపి దాని వెనుక ఆయుధము దింపుట దానికి చిన్నది కాదు.

సరిగా ఆ దినములలోనే, హైదరాబాదు సంధి మాటలు తెగిన వారమునకు, 1948 జూన్ 24న, జర్మనీలో బెర్లిను పశ్చిమభాగమును రష్యావారు దిగ్బంధించిరి. ఆ నగరమునకును విమానములే దిక్కైనవి. కాని అందు వచ్చినవి పిండి, బొగ్గు, పాలపొడి. 1949 మే 12న దిగ్బంధము తొలగువరకును, ఆపైని కొన్ని నెలలును కలిపి, సుమారు 23 లక్షల టన్నుల సరుకు చేరినది. మూడేండ్ల క్రిందటి వరకు ఆ బెర్లినుపై బాంబులు వేసిన దేశములే ఆ పిండిని మోసినవి! రష్యావారు ఆ విమానములను కూల్చలేదు. ఒకే వేసవి, రెండు ఆకాశములు. తరువాతి కాలమున, 1967 నుండి 1970 వరకు నైజీరియాలోని బయాఫ్రా ముట్టడిలో ఉలి యను చిన్న విమానస్థలమున రాత్రివేళ అన్నపు విమానములు, ఆయుధపు విమానములు ఒకే చీకటిలో దిగెడివి. ఏది ఏదియో బయటివానికి తెలియదు. ఫలితమును ఎముకలు తేలిన పసిపిల్లల ఛాయాచిత్రములలో లోకము చూచినది.

సెప్టెంబరు 13న యూనియను సేన నలుదిక్కుల సంస్థానమున ప్రవేశించినది. తూర్పున బెజవాడ దారిన వచ్చిన దళము ఆ దినమే కోదాడను, మునగాలను చేరినది. మరునాడు సూర్యాపేట వశమైనది. వెనుదిరుగుచున్న నిజాము సేన మూసీపై నున్న వంతెనను కూల్చివేసినది. దిగ్బంధమును గూర్చి అన్ని నెలలు మొరపెట్టుకొన్న ప్రభుత్వము తుదిగా చేసిన పని తన ప్రజల దారిని తానే తెంచుట. 17న నిజాము లొంగిపోయినాడు. అంతకు ఒకదినము ముందు, 16న, పారిస్ నగరమున ఐక్యరాజ్యసమితి భద్రతా సమితి హైదరాబాదు ఫిర్యాదును విచారణకు తీసికొన్నది. ఆగస్టు 21న పంపిన ఫిర్యాదది. రాయబారము గడప చేరునప్పటికి ఇల్లు చేతులు మారినది. అటుపిమ్మట సంస్థానపు కొన్ని జిల్లాలలో, ముఖ్యముగా మరాఠ్వాడాలో, రజాకార్లతో ఏ సంబంధమును లేని మహమ్మదీయ గృహస్థులు పలువురు హతులైరి. పండిత సుందర్‌లాల్ సంఘమును పంపి ప్రభుత్వమే దానిని విచారింపజేసినది. ప్రభువు దోషమును ప్రజ నెత్తిన కట్టుట దిగ్బంధముతో మొదలై అచ్చట ముగిసినది.

ముట్టడిలో చిక్కిన రాజునకు ఆదర్శము భాగవత దశమస్కంధమున కలదు. మధురను జరాసంధుడు పదియేడు మారులు ముట్టడించెను. పదునెనిమిదవ మారు కాలయవనుడును దండెత్తి వచ్చినప్పుడు శ్రీకృష్ణుడు, వీనితో పోరుచుండగా వాడు వచ్చి మనవారిని చంపును గదా యని బలరామునితో ఆలోచించెను. సముద్రమధ్యమున ద్వారకను నిర్మింపజేసి ప్రజలనందరిని అచ్చటికి చేర్చిన తరువాతనే తాను ఒక్కడే, నిరాయుధుడై, పూలమాల ధరించి నగరద్వారమునుండి వెలువడెను. పారిపోయినాడని శత్రువు నవ్వెను. గుజరాతు భక్తులు ఆ పలాయనమునే తలచి ఆయనను రణఛోడ్‌గా కొలుచుచున్నారు. తన కీర్తికన్న ప్రజల ప్రాణము ముందు అనుకొన్న ప్రభువునకు ఆ పేరు అవమానము కాలేదు.

1949 ఆగస్టు 12న జెనీవాలో కుదిరిన నాలుగవ ఒడంబడిక 23వ అధికరణమున, శత్రుదేశపు పౌరుల కొరకే ఐనను ఔషధములకు, ఆసుపత్రి సామగ్రికి దారి విడువవలెనని లోకదేశములు అంగీకరించినవి. పదునైదేండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు కావలసిన ఆహారమునకు, వస్త్రములకును అట్లే. ఈ పత్రికను చదువువారికి విశేషముగా తోచునది ఇంకొకటి కలదు. దేవతారాధనకు అవసరమైన వస్తువులకు కూడ అదే వాక్యమున దారి కలదు. వాడపల్లి గర్భగుడిలో స్వామి ముఖమునకు సమముగా నున్న దీపము శ్వాసకు కదలుననియు, పాదములవద్ది దీపము నిశ్చలముగా నుండుననియు భక్తులు దర్శించి చెప్పుదురు. ఆ రెండు దీపముల నూనెను ఏ దిగ్బంధమును ఆపరాదని విదేశముల న్యాయవేత్తలు వ్రాసికొన్నట్లే యైనది. 1977నాటి అదనపు ఒడంబడిక పౌరులను ఆకలితో మాడ్చి యుద్ధము చేయుటను స్పష్టముగా నిషేధించినది. ఐనను యెమెనునందును గాజాయందును ఈ శతాబ్దమున జరిగినదానిని పాఠకులెరుగుదురు.

ఆ 23వ అధికరణమునకు ఒక నియమమున్నది. సరుకు శత్రుసేన చేతికి పోవునను గట్టి భయము లేనప్పుడే దారి విడువవలెనట. న్యాయమైన నియమమే. కాని ఈ ‘భయము’ అను మాటయే తలుపునకు గడియ. భయపడితినని చెప్పినవానిని కాదనుటెట్లు? అందుచేత పెట్టెను తెరచి చూచి, ఇందు మందే గాని తూటా లేదని ఇరువురికిని నమ్మికగా చెప్పగల మూడవవాడు కావలెను. భారత వనపర్వమున సాల్వుడు ద్వారకను ముట్టడించినప్పుడు ముద్ర లేనివాడు నగరమునుండి వెడలరాదు, ముద్ర లేనివాడు ప్రవేశింపరాదు అని కట్టడి చేసిరి. యాదవులు తలుపులు మూసి కూర్చుండలేదు, ముద్రను ఏర్పరచిరి. ముద్ర యనగా నమ్మకమును చేతికందు వస్తువుగా చేయుట.

ముద్ర సైతము గడియగా మారవచ్చును. నిజాము ఎల్ల చెరిగిపోయి, 1959లో మునగాల నల్లగొండ జిల్లాలో కలిసి, నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ వరి దేశమునకు అన్నము పెట్టుచున్న కాలమున, 2014లో రాష్ట్రము రెండైనది. వాడపల్లి వద్ద కృష్ణ మరల ఎల్ల యైనది. కోదాడ దాటిన రామాపురము అడ్డరోడ్డు మరల సరిహద్దు నాకా యైనది. 2021 మే నెలలో కోవిడు వ్యాధి తీవ్రముగా నున్నప్పుడు ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదు ఆసుపత్రులకు రోగులను తెచ్చుచున్న అంబులెన్సులు ఆ రెండు చోట్లను ఆపబడినవి. ఆపినవారికి శత్రుభావము లేదు. తమ రాష్ట్రపు రోగులకే పడకలు, ప్రాణవాయువు చాలని దినములవి. ఆ వాదము త్రోసివేయదగినది కాదు. ఆసుపత్రినుండి పడక దొరకునను హామీయు, కంట్రోలు రూమునుండి అనుమతిపత్రమును ముందుగా తెచ్చుకొన్నవారిని పోనిత్తుమని ఉత్తరువు వెలువడినది. చూచుటకు అది ద్వారకా ముద్రవంటిదే. కాని ద్వారకలో ముద్రను అడిగినది ఆరోగ్యవంతుని. ఇచ్చట అడిగినది ఊపిరాడని వానిని, ఆతని ప్రక్కన కూర్చుండి ఫోను పట్టుకొన్న కొడుకును. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము మే 14న ఆ ఉత్తరువును నిలిపివేసినది. కోదాడ దారిన అంబులెన్సులు కదలినవి.